గుడ్డి గుర్రం, దాణా

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మనవాళ్ళకు ఒక సామెత వుంది. పనికి కొరగానివాణ్ణి కూర్చోబెట్టి మేపుతున్నప్పుడు ఈసడింపుగా అనే మాట ఇది. హాజరుపట్టీలో సంతకం పెట్టి కాఫీకి వెళ్ళిపోయే గుమాస్తాను గురించీ, మూడు పూటలా తిని అరుగు మీద నిద్రపోయే మేనమామను గురించీ పెద్దవాళ్ళు ఈ మాట అనటం చిన్నప్పటి నుంచీ విన్నాము. అయితే సామెతలోని ఆ గుర్రాన్ని గురించి ఎవరూ ఆలోచించినట్లు కనపడదు. దాణా పెడుతున్నవాడు పెట్టటం ఎందుకు మానలేదు? మానితే తప్పేమిటి? ఈ ప్రశ్న మీద నాలుగు మాటలు రాయాలని మా ఉద్దేశం.

ఇప్పుడు ఎందుకంటే, మా మిత్రకుటుంబం ఒకరికి నిజంగానే ఒక గుడ్డి గుర్రం వుంది. వారు శాన్ ఆంటోనియోలో వుంటారు. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. గుర్రం వుండేది అక్కడికి గంట ప్రయాణంలో, బండేరా అవతల కొండల్లో, ఒక రాంచ్‌లో. నెల నెలా చెక్కు వెళుతుంది. గుర్రం మీద ఎవరూ ఎక్కరు. మా ఆదివారపు సమావేశాల్లో భోజనాలయ్యాక ఈ గుర్రం మాట రాకుండా వుండటం అరుదు. కొందరు నవ్వుతారు, కొందరు లెక్కలు కడతారు, ఒకరిద్దరు ధర్మశాస్త్రం తీస్తారు. ఇది వట్టి కాలక్షేపం కాదని మాకు రాను రాను అనిపించింది.

మనలో చాలామందికి స్వదేశంలో తెలిసిన గుర్రం జట్కా గుర్రం ఒక్కటే. బెజవాడ స్టేషను బయట, కళ్ళకు గంతలు కట్టుకుని, డొక్కలు ఎగరేస్తూ, చెర్నాకోల చప్పుడుకి చెవులు రిక్కించే ప్రాణి. రిక్షాలు వచ్చాయి, ఆటోలు వచ్చాయి, జట్కాలు పోయాయి. ఆ గుర్రాలు ఏమయ్యాయని అప్పట్లో మనం ఎవరినీ అడిగిన గుర్తు లేదు.

మన పిల్లలకు గుర్రం వేరే రూపంలో పరిచయమైంది. బండేరా ఊరు తనను తాను ప్రపంచ కౌబాయ్‌ల రాజధాని అని చెప్పుకుంటుంది. చుట్టుపక్కల రాంచ్‌లలో డబ్బు కట్టినవారిని గుర్రాల మీద ఎక్కించి, సీడరు చెట్ల మధ్య, సున్నపురాళ్ళ గుట్టల మీద గంటో రెండు గంటలో తిప్పి తీసుకువస్తారు. దాన్ని ట్రెయిల్ రైడింగ్ అంటారు. ఆ గుర్రాలు ఒకదాని తోక వెనక ఒకటిగా, దారి కంఠతా వచ్చినట్లు నడుస్తాయి. పుట్టినరోజుకని తీసుకెళ్ళిన పిల్ల జీను మీద నుంచి దిగి "నాన్నా, నాకొక గుర్రం కావాలి" అనటం సహజం. వినని తండ్రులు ధన్యులు. గేటు దగ్గర ఒక బోర్డు వుంటుంది: స్వారీలో సహజంగా వుండే ప్రమాదాలకు రాంచ్‌వారు చట్టప్రకారం బాధ్యులు కారని. గుర్రం మీద ఎక్కినవాడికి ఏం జరగవచ్చునో చెప్పే బోర్డు అది. గుర్రానికి ఏం జరగవచ్చునో చెప్పే బోర్డు ఎక్కడా చూడలేదు.

2010 అక్టోబరు నుంచి 2011 సెప్టెంబరు దాకా పన్నెండు నెలల్లో టెక్సస్‌లో పడినంత తక్కువ వాన అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. బీళ్ళు మాడిపోయాయి. ఎండుగడ్డి దూర రాష్ట్రాల నుంచి లారీల మీద రావలసి వచ్చింది. మేపలేనివాళ్ళు గుర్రాలను అయినకాడికి అమ్ముకున్నారు, కొందరు ఊరికే ఇచ్చేశారు, కొందరు రోడ్డు పక్కన వదిలేశారు. ఆ మరుసటి ఏడు, 2012లో, మా మిత్రుల అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు, ఒంటి నిండా చుక్కలున్న అపలూసా జాతి గుర్రం ఒకటి చవకగా దొరికింది. దానికప్పుడు 8 ఏళ్ళు. అంటే వీరి చేతికి వచ్చేనాటికే దాన్ని ఒకరు వదులుకున్నారన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొన్న గుర్రాన్ని ఊళ్ళో యింటి వెనక కట్టేసుకోవటం కుదరదు గనుక బోర్డింగ్ అనే ఏర్పాటు వుంది. ఇందులో రెండు రకాలు. ఒకటి సాలలో వుంచటం: దానికొక గది, రెండు పూటలా దాణా, వేసవిలో ఫ్యాను. రెండవది బీట్లో వదలటం: గడ్డి, నీళ్ళు, ఉప్పురాయి, కంచె, గాలివానకు తలదాచుకోవటానికి ఒక పాక, చలికాలంలో ఎండుగడ్డి. దీనికి ఖర్చు తక్కువ. మనవాళ్ళు మొదట సాలవైపే మొగ్గుతారు. డబ్బు ఎక్కువ పెడితే ప్రేమ ఎక్కువ చూపినట్లని మనకొక నమ్మకం. కాని గుర్రం ఒంటి తీరు వేరు. ఆవులాగా నాలుగు అరల కడుపు లేదు. ఉన్న కడుపు చిన్నది, అది ఖాళీగా వుంటే లోపలి ఆమ్లమే దాన్ని తింటుంది. తిన్నది కక్కటం గుర్రానికి చేతకాదు, అందుకే కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. రోజులో పదహారు గంటలు తల దించి కొంచెం కొంచెంగా మేస్తూ, అడుగులు వేస్తూ, నలుగురితో కలిసి వుండటం దాని స్వభావం. గదిలో ఒంటరిగా కట్టేస్తే కొయ్య కొరుకుతుంది, నిలబడ్డచోటే ఊగుతుంది. చవకైనదే మేలైనది కావటం ఈ లోకంలో అరుదు; ఇక్కడ అయింది.

బీట్లో వుంచినా గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి చెక్కించాలి, పళ్ళు ఏటా అరగదీయించాలి, పురుగుల మందు వెయ్యాలి. ఈ ఖర్చులు యజమానివే. వీటన్నిటికీ కలిపి ఒక ఒప్పందపత్రం వుంటుంది. రాంచ్‌వారికి బాకీ పడితే గుర్రాన్ని పట్టి వుంచే హక్కు వారికి టెక్సస్ చట్టం ఇస్తుంది. అది అర్థం చేసుకోదగిందే. మమ్మల్ని ఆలోచనలో పడేసింది ఆ కాగితంలోని వేరే గడి. గుర్రానికి హఠాత్తుగా ప్రమాదం వచ్చి, మీరు ఫోనుకి దొరకకపోతే, మీ తరఫున ఎన్ని డాలర్ల దాకా వైద్యానికి ఖర్చు పెట్టవచ్చును? కడుపు కోసి ఆపరేషను చెయ్యవచ్చునా, వద్దా? చుక్కల మీద అంకె వెయ్యాలి. గుర్రాన్ని కొన్న సంబరంలో, అమ్మాయి పక్కన నిలబడి వుండగా, మా మిత్రులు ఆ గడిలో ఒక అంకె వేశారు. వారి వృత్తిలో రోజూ యిలాంటి కాగితాలు యితరుల చేత సంతకం చేయిస్తూ వుంటారు. తమ చెయ్యి ఆగటం అప్పుడే చూశామని వారే మాతో అన్నారు.

పిల్ల పన్నెండేళ్ళప్పుడు కొన్న గుర్రం, పిల్ల పద్దెనిమిదేళ్ళకు కాలేజీకి వెళ్ళిపోతుందని తెలియక కొన్నది కాదు. గుర్రం ఆయుష్షు పాతిక, ముప్ఫై ఏళ్ళు. పెళ్ళిళ్ళకు ముహూర్తం చూసే మనం ఈ కూడిక తీసివేత చెయ్యలేమా? అయినా ఎవరూ చెయ్యరు. 2018లో అమ్మాయి బోస్టను వెళ్ళింది. గుర్రానికి 14. మా సమావేశంలో సలహాల వర్షం కురిసింది.

అమ్మెయ్యమన్నారు ఒకరు. ఎవరికి? కొన్నవాడు మళ్ళీ ఎవరికి? 2007లో ఈ దేశంలోని ఆఖరి మూడు గుర్రపు కబేళాలు మూతపడ్డాయి, రెండు టెక్సస్‌లోవి, ఒకటి ఇల్లినాయిలోది. అంతకు ముందు ఏడు, 2006లో, వాటిలో కోసిన గుర్రాలు లక్షకు పైగా. మూసేశాక కోత ఆగలేదు, సరిహద్దు దాటింది. ప్రభుత్వపు ఆడిట్ శాఖవారి లెక్క ప్రకారం 2010లో కోతకని కెనడాకూ మెక్సికోకూ వెళ్ళినవి సుమారు 1,38,000. ఆ తరువాత సంఖ్య బాగా తగ్గింది గాని సున్న కాలేదు. వేలంలో ఏ గుర్రం పిల్లల బీటికి పోతుందో, ఏది లారీ ఎక్కుతుందో అమ్మినవాడికి తెలియదు. తెలుసుకోకుండా వుండే సౌకర్యం కోసమే వేలం వున్నదేమోనని మాకొక అనుమానం.

ఇది చదివి "అమెరికావాళ్ళు ఇంతే" అనుకోబోయే పాఠకులకు ఒక మనవి. మన పల్లెల్లో ముసలెద్దులను సంతకు తోలినవాళ్ళు మన తాతలే. ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో వాళ్ళకు తెలుసు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం గోవధను నిషేధించింది గాని, ఎద్దు ఇక దున్నటానికి గిట్టుబాటు కాదని అధికారి సర్టిఫికెట్ ఇస్తే కోతకు దారి విడిచింది. ఒక్క ఎద్దు తినే గడ్డిలో రెండో ఎద్దు బతకాలి, ఆ రెంటి మీద పిల్లలు బతకాలి. ఆ బీదరికంలో చేసినదాన్ని ఈ కలిమిలో కూర్చుని తప్పు పట్టటం మాకు ఇష్టం లేదు. మా మిత్రులకు ఆ బీదరికం లేదు. కాబట్టి ఆ సాకూ లేదు.

ట్రెయిల్ రైడింగ్‌కు పెట్టమన్నారు ఇంకొకరు. గుర్రం రాంచ్‌వారి పనిచేస్తుంది, రాంచ్‌వారు బోర్డింగ్ కొంత తగ్గిస్తారు. ఇది చాలాచోట్ల వున్న పద్ధతే. మాలో కొందరికి ఇది చిన్నతనంగా తోచింది, కన్నబిడ్డలా పెంచి కూలికి పంపినట్లు. మాకలా అనిపించలేదు. మితమైన నడక గుర్రానికి మంచిది. జీనుతో కలిపి మోసే బరువు దాని బరువులో అయిదోవంతు మించకూడదని తెలిసినవాళ్ళు చెప్తారు. ఆ లెక్క పాటించే రాంచ్‌లో అది గౌరవమైన బతుకే. మూడేళ్ళు ఆ గుర్రం అలా కొత్తవాళ్ళ పిల్లలను మోసింది.

2021లో కన్ను నీరు కారటం మొదలైంది. గుర్రాలకు వచ్చే ఒక కంటిజబ్బు వుంది. వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. చంద్రుడితోపాటు పెరిగి తరుగుతుందని పూర్వం అనుకుని దానికి చంద్రాంధత్వం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అపలూసా జాతికి అది ఎక్కువ. మందులు వేశారు. ఏడాదిలో ఒక కన్ను, తరువాత ఎనిమిది నెలలకు రెండో కన్ను పోయాయి.

రాంచ్ యజమాని చెడ్డవాడు కాడు. ఆయన వాదన మేము స్వయంగా విన్నాము. ఈ రాతినేలలో గడ్డి పలచన, ఒక్కొక్క గుర్రానికి తూర్పు టెక్సస్‌లో కావలసిన నేలకు ఎన్నో రెట్లు కావాలి. ముళ్ళతీగ వున్న కంచెలో గుడ్డి గుర్రాన్ని వదలలేడు. మందలో మిగతావి తరిమితే అది ఎటు పరుగెడుతుందో తెలియదు. ఇనుపగొట్టాల కంచె వున్న చిన్న బీడు ఒకటి వుంది, కాని దానికి కిరాయి ఎక్కువ. "సూది వేయించెయ్యటమే దయ" అన్నాడాయన, కళ్ళు తిప్పుకోకుండానే. 2011లో తన సొంత గుర్రాలు నాలుగింటిని అలా చెయ్యవలసి వచ్చిందట.

దీని మీద మాలో వాదం రెండు నెలలు సాగింది. ఒకరు ప్లూటార్కును తెచ్చారు. రోములో కేటో అనే పెద్దమనిషి ముసలివాళ్ళైన బానిసలను అమ్మి ఖర్చు తగ్గించుకోమనేవాడు. ఆయన జీవితచరిత్ర రాస్తూ ప్లూటార్కు మధ్యలో ఆగి, నేనైతే నాకు చాకిరీ చేసిన ఎద్దును కూడా ముసలిదైందని అమ్మను అంటాడు. ఏథెన్సులో గుడి కట్టటానికి రాళ్ళు మోసిన కంచరగాడిదలను పని నుంచి విడిచి స్వేచ్ఛగా మేయనిచ్చారని కూడా చెప్తాడు. ఇంకొకరు కాంటును తెచ్చారు: నమ్మకంగా పనిచేసిన కుక్కను చచ్చేదాకా పోషించాలంటాడు గాని, ఆ ఋణం కుక్కకు కాదు, మన మనుష్యత్వానికి అంటాడు. జంతువును నిర్దయగా చూసినవాడు మనిషిని కూడా అలాగే చూస్తాడని ఆయన భయం. ఇది మాకు పూర్తిగా రుచించలేదు. గుర్రం ఆకలి గుర్రానిదే. మన శీలానికి సాము గరిడీగా అది పుట్టలేదు.

మాకు ఎక్కువ పట్టుబడింది భారతంలో ద్రోణపర్వంలోని ఘట్టం. సైంధవుణ్ణి చంపటానికి పొద్దు గూకేదాకానే గడువు. అయినా గుర్రాలు అలసిపోయాయని నడియుద్ధంలో రథం ఆగుతుంది. అర్జునుడు బాణాలతో నేల చీల్చి మడుగు చేస్తాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, గుచ్చుకున్న బాణాలు ఊడదీసి, ఒళ్ళు మాలిషు చేసి, నీళ్ళు తాగిస్తాడు. ఆ గుర్రాలు మళ్ళీ పరుగెత్తాలి గదా, అందులో స్వార్థం లేదా అని ఒక మిత్రుడి ఆక్షేపణ. ఉంది. అయితే బాణం ఎక్కడ గుచ్చుకుందో చూడటానికి దగ్గరకు వెళ్ళి చేత్తో తడమాలి. జగన్నాథుడంతటివాడు ఆ పని మరొకడికి అప్పగించలేదు.

మిత్రులు చివరకు కిరాయి పెంచి చిన్న బీడు తీసుకున్నారు. రాంచ్ యజమానే ఒక ముసలి ఆడగుర్రాన్ని తోడు ఇచ్చాడు. దాని మెడకు గంట కట్టారు. గంట ఎటు కదిలితే గుడ్డిది అటు కదులుతుంది. తొట్టి ఎక్కడుందో, పాక ఎక్కడుందో పది రోజుల్లో నేర్చుకుంది. గుర్రాలు చీకట్లో కూడా తిరిగే ప్రాణులు. వాటికి చూపు పోవటం, మనం ఊహించుకున్నంత చీకటి కాదేమో.

పోయిన ఏడు వేసవిలో ఆ డాక్టరుగారి తండ్రి తెనాలి నుంచి వచ్చారు. ఎనభై దాటిన రైతు. వెంట తీసుకెళ్ళి గుర్రాన్ని చూపించారు. సెలవులకు వచ్చిన మనవరాలిని ఆయన అడిగారు: "ఇదేం పని చేస్తుందమ్మా?"

"ఏం చెయ్యదు తాతయ్యా. తింటుంది, తిరుగుతుంది."

"అయితే ఇల్లరికపుటల్లుడన్నమాట."

అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం కంచె సందులోంచి దూరి, గుర్రం పక్కకు వెళ్ళి, ముందు మెడ మీద చెయ్యి వేసి, తరువాత పెదవి ఎత్తి చూశారు. ఎద్దుల పళ్ళు చూసి వయసు చెప్పిన చెయ్యి అది. కింద పడివున్న తడి గడ్డి ఉండ ఒకటి తీసి చూపించారు. "నమిలి ఉమ్మేస్తున్నదిరా. దంతాలు పోయాయి. ఈ ఎండుగడ్డి దీని కడుపులోకి పోవటం లేదు." చెక్కు నెల నెలా సకాలంలో వెళుతూనే వుంది. గడ్డీ సకాలంలో పడుతూనే వుంది. రాంచ్‌లో పనివాడు అరవై గుర్రాలకు మేత వేస్తాడు. వేశాడు కూడా. ఒప్పందంలో ఎక్కడా లోటు లేదు.

మేము ఈ సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాము. దాణా డబ్బిచ్చి పెట్టించవచ్చును. నేల, నీళ్ళు, కంచె, మందు, అన్నీ డబ్బిచ్చి చేయించవచ్చును, అందులో అధర్మమేమీ లేదు. మనకు చేతకాని పనిని చేతనైనవాడికి అప్పగించటం మంచిదే. కాని అరవైలో ఒకటిగా కాక, ఒక్కటిగా దాన్ని చూసేవాడొకడు కావాలి. నిన్నటికీ యివాళ్టికీ తేడా కనిపెట్టేవాడు. ఆ పని కిరాయికి దొరకదని కాదు, దొరికినా కొద్ది మందికే. యజమాని అనే మాటకు కాగితం మీద అర్థం వేరు. మా దృష్టిలో దాని అర్థం ఈ చూపే. ఆ గుర్రానికి కళ్ళు లేవు, ఇంకొకరి కళ్ళు అవసరం.

ఈ మాట చెప్పగానే సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరికి ఏం గుర్తొచ్చిందో చెప్పనక్కర్లేదు. అమ్మానాన్నలను పశువుతో పోల్చటం మా ఉద్దేశం కాదు, అలా పోలిస్తే ఊరుకోము కూడా. అయినా గుంటూరుకో కాకినాడకో నెల నెలా డబ్బు పంపి, వంటమనిషినీ నర్సునూ పెట్టి, ఫోనులో "బాగానే వున్నాము" అనే మాట విని నిద్రపోయేవాళ్ళం మనలో ఎందరము! ఆ వంటమనిషి ఒప్పందంలో లోటేమీ చెయ్యదు. ఇంతకు మించి యిక్కడ రాయము. ఎవరి యింటి సంగతి వారికి తెలుసు.

ఇక మిగిలింది ఆ గడి. 1928లో సబర్మతి ఆశ్రమంలో బాధపడుతున్న ఒక దూడను గాంధీగారు వైద్యుడి చేత సూది వేయించి చంపించారు. దేశమంతా గగ్గోలైంది. ఆయన మాత్రం అది హింస కాదని బహిరంగంగా రాశారు. మాలో సగం మందికి గాంధీగారి మాట ఒప్పు, సగం మందికి కాదు. ఎవరి ఆయుష్షు ఎవరు తేల్చాలని వారి ప్రశ్న. మా మటుకు మేము సూదికి వ్యతిరేకులం కాము. బాధ ఎవరిదో, విసుగు ఎవరిదో విడదీసి చూడగలిగినప్పుడు మాత్రమే అది దయ అవుతుందని అనుకుంటాము. 2011లో గడ్డి లేక సూది వేయించిన రాంచ్ యజమాని ఆ రెండింటినీ కలిపి మాట్లాడలేదు. నాలుగింటి పేర్లూ చెప్పాడు. ఏ రోజున ఏది ఎలా నిలబడివుందో చెప్పాడు.

ఇప్పుడు ఆ గుర్రానికి ఎండుగడ్డి ఆపేశారు. గడ్డి పొడిని బిళ్ళలుగా చేసి అమ్ముతారు, దాన్ని నీళ్ళలో నానబెట్టి జావలాగా మూడు పూటలా పెట్టాలి. ఇది బోర్డింగ్ కిరాయిలో చేరదు. వారంలో అయిదు రోజులు పనివాడికి వేరే డబ్బిచ్చి పెట్టిస్తున్నారు. శనాదివారాలు భార్యాభర్తలు వంతులు వేసుకుని వెళుతున్నారు. అమ్మాయి పోయిన నెలలో వచ్చి, ఒప్పందపత్రం మళ్ళీ తెప్పించి, పాత అంకె కొట్టేసింది. దాని స్థానంలో అంకె రాయలేదు. తన ఫోను నంబరు, తల్లి నంబరు, తండ్రి నంబరు, చివర బండేరాలో పశువైద్యుడి నంబరు రాసి, ఎవరో ఒకరు వచ్చేదాకా నొప్పి తగ్గే మందు యివ్వమని రాసింది. రాంచ్ యజమాని ఆ కాగితం చూసి, ఈ గడిలో యిన్ని పడతాయని నాకు తెలియదే అన్నాడట. తోడున్న ఆడగుర్రానికి ఈ చలికాలానికి 29 నిండుతాయి. దాని మెడలోని గంటను తరువాత ఏ గుర్రానికి కట్టాలో చూడటానికి వచ్చే ఆదివారం నలుగురం వెళుతున్నాము.